టి కణాల చావును వృథా అనవచ్చునా

హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించే నాకు, రోగనిరోధక వ్యవస్థ పాఠం దగ్గరికి వచ్చేసరికి దాదాపు ప్రతి ఏడూ ఒకే అభ్యంతరం ఎదురవుతుంది. ఎదమధ్యలో ఉండే థైమస్ గ్రంథిలో తయారయ్యే టి కణాల్లో (ఇవి తెల్లరక్తకణాల్లో ఒక రకం) నూటికి 95కు పైగా అందులోనుంచి బయటపడకుండానే చచ్చిపోతాయని చెప్పగానే, అప్పటిదాకా తల వంచుకుని రాసుకుంటున్న వాళ్లు కూడా తల ఎత్తి చూస్తారు. పత్తి, మిర్చి పండించే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు విత్తనం ఖర్చు ఎంతో, అందులో మొలకెత్తేది ఎంతో బాగా తెలుసు. నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మొహమాటం లేకుండా అడిగేసింది: “వందల తొంబై అయిదు సచ్చిపోయేదుంటే, గింత ఖర్చు పెట్టి పెయ్యి వాటిని పుట్టిచ్చుడెందుకు సార్?”

అది చాలా మంచి ప్రశ్న. మనం దానికి ఇచ్చే జవాబే మరీ పొట్టిగా ఉంటుంది. టి కణం ఎక్కడ పుడుతుంది, ఎన్ని రకాలు, ఏ రకం ఏ పని చేస్తుంది అన్నవాటికి పేజీలు కేటాయించి, వాటి చావును ఒకటి రెండు వాక్యాల్లో దాటేస్తాం. పైగా పాఠం సులువుగా సాగడానికి సైనికుల పోలిక తెస్తాం. సైన్యం అన్నాక ఎంతమంది ఉంటే అంత బలమని అనిపించడం సహజం. ఆ అభిప్రాయం తరగతి గదిలో ఆగకుండా మందుల దుకాణం దాకా మన వెంట వస్తుంది. టి కణాల చావు ఉత్పత్తిలో వచ్చే నష్టం కిందికి రాదనీ, రోగనిరోధక వ్యవస్థ చేసే పనిలో అది సగభాగమనీ, ఆ సగాన్ని వదిలేసి చదివినందువల్లనే స్టెరాయిడ్ సూదుల గురించీ, హెచ్ఐవీ ఉన్నవారికి చేసే సీడీ4 పరీక్ష గురించీ, పిల్లల పోషకాహార లోపం గురించీ మన అవగాహన కురచగా ఉండిపోయిందనీ నా వాదన.

ముందుగా ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు చూద్దాం. టి కణం తన పైపొర మీద ఉండే గ్రాహకంతో పరాయి పదార్థాన్ని గుర్తిస్తుంది, ఆ గ్రాహకం ఒక్కో కణానికి ఒక్కో తీరుగా ఉంటుంది. ఏ సూక్ష్మజీవి ఎప్పుడు వస్తుందో శరీరానికి ముందుగా తెలిసే వీలు లేదు. ఇంకా పుట్టని వైరస్‌కు సరిపోయే గ్రాహకపు జన్యువును తల్లిదండ్రులు ఇవ్వలేరు. ప్రోటీన్లు తయారు చేయగల జన్యువులు మనకు ఉన్నవి సుమారు 20 వేలు, కావలసిన గ్రాహకాలు కోట్ల రకాలు. ఈ చిక్కును విప్పడానికి, థైమస్‌లో ఎదుగుతున్న ప్రతి కణమూ గ్రాహకానికి సంబంధించిన డీఎన్ఏ ముక్కలను రాగ్-1, రాగ్-2 అనే ప్రోటీన్ల సాయంతో తెంచి వేరే వరుసలో అతికించుకుంటుంది. అతుకుల దగ్గర కొన్ని అక్షరాలను ఏ లెక్కా లేకుండా చేరుస్తుంది, కొన్నిటిని తీసేస్తుంది. ప్రతిరక్షకాల (యాంటీబాడీల) జన్యువుల్లో ఇటువంటి మార్పిడి జరుగుతుందని నిరూపించిన సుసుము టొనెగావాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. టి కణ గ్రాహకపు జన్యువులు 1984లో దొరికినప్పుడు అక్కడా అదే పద్ధతి బయటపడింది.

లెక్క లేకుండా అతికించిన దానిలో పనికొచ్చేది తక్కువే ఉంటుంది. కొన్ని కణాల్లో అతుకు తప్పి గ్రాహకమే తయారు కాదు. తయారైన వాటికి ఇంకో ఇబ్బంది ఉంది. టి కణం సూక్ష్మజీవిని నేరుగా చూడలేదు. మన కణాలు తమలోని ప్రోటీన్లను ముక్కలు చేసి, ఎంహెచ్‌సీ అనే అణువుల్లో ఇరికించి పైకి చూపిస్తేనే దానికి కనిపిస్తుంది. ఈ సంగతిని 1974లో రోల్ఫ్ జింకర్నాగెల్, పీటర్ డోహర్టీ ఎలుకల్లో చూపించారు, 1996లో నోబెల్ అందుకున్నారు. కాబట్టి మన సొంత ఎంహెచ్‌సీని అసలే పట్టుకోలేని గ్రాహకం ఎందుకూ పనికిరాదు, సొంత ప్రోటీను ముక్కలనే గట్టిగా పట్టుకునే గ్రాహకం మనకే ప్రమాదం. మన ఇళ్లలో చాట పట్టి బియ్యం చెరిగి, నేమి, తాలును ఒక దిక్కు, రాళ్లను ఒక దిక్కు వేరు చేసినట్లే థైమస్ కూడా రెండు దిక్కులా ఏరివేత జరుపుతుంది. వల్కలం అనే బయటి భాగంలో ఎంహెచ్‌సీని కొంచెమైనా పట్టుకోగలిగిన కణానికి బతకమని సంకేతం అందుతుంది, పట్టుకోలేని కణం ఏ సంకేతమూ అందక చచ్చిపోతుంది. అత్యధిక మరణాలు ఈ రెండో తీరువే. వాటిని ఎవరూ చంపరు, పలకరించే వారు లేక పోతాయి. ఆ తరువాత లోపలి భాగమైన దవ్వలో, సొంత ప్రోటీన్లను మరీ గట్టిగా పట్టుకున్న వాటి ఏరివేత సాగుతుంది. చిన్న వయసు ఎలుక థైమస్‌లో రోజుకు సుమారు 5 కోట్ల కొత్త కణాలు పుడితే, బయటికి వచ్చేవి 10 నుంచి 20 లక్షలే. రేపటి శత్రువు ఎవరో తెలియకుండానే ఈరోజు సిద్ధపడవలసి వచ్చిన వ్యవస్థకు ఇంతకన్నా చవకైన మార్గం నాకైతే తోచదు.

ఇంత చావు జరుగుతున్నా చాలాకాలం పాటు అది సూక్ష్మదర్శిని కింద చూసేవారి కంట పడలేదు. కారణం ఆ చావు తీరులోనే ఉంది. 1972లో కెర్, విల్లీ, కరీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు అపోప్టోసిస్ అని పేరు పెట్టిన ఆ ప్రక్రియలో కణం పగిలిపోదు. కుంచించుకుపోయి, తన డీఎన్ఏను తానే ముక్కలు చేసుకుని, పొర చెదరకుండా చిన్న చిన్న మూటలుగా విడిపోతుంది. పక్కనే ఉన్న భక్షక కణాలు ఆ మూటలను వెంటనే మింగేస్తాయి. వాపు రాదు, నొప్పి పుట్టదు, జాడ మిగలదు. గాయపడి పగిలిపోయే కణం తీరు ఇందుకు పూర్తిగా వేరు. అది తన లోపలి సరుకునంతా చుట్టూ చిమ్మి మంట పుట్టిస్తుంది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, హెచ్ఐవీ దగ్గరికి వచ్చినప్పుడు ఎంత పెద్దదో తెలుస్తుంది.

దవ్వలో జరిగే ఏరివేతలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఎయిర్ అనే జన్యువు. సొంత ప్రోటీన్లకు ఎదురు తిరిగే కణాలను థైమస్‌లోనే పట్టుకోవాలంటే, ఆ ప్రోటీన్లు థైమస్‌లో ఉండాలి కదా. ఇన్సులిన్ క్లోమంలో తయారవుతుంది, కంటి ప్రోటీన్లు కంట్లో ఉంటాయి, మరి అవి ఎదమధ్యలోని ఈ గ్రంథిలోకి ఎలా వస్తాయి? దవ్వలోని కొన్ని కణాల్లో ఎయిర్ జన్యువు పనిచేసి, శరీరంలో వేరే ఎక్కడో తయారు కావలసిన వేల ప్రోటీన్లను కొద్దికొద్దిగా అక్కడే తయారు చేయిస్తుందని 2002లో తేలింది. ఈ జన్యువు చెడిన పిల్లల్లో అధివృక్క గ్రంథి, పారాథైరాయిడ్ గ్రంథి వంటి వాటి మీద సొంత టి కణాలే దాడి చేస్తాయి. ఆ పిల్లల్లో టి కణాల సంఖ్యకు ఏమీ లోటు లేదు; చావవలసినవి చావకపోవడమే వాళ్ల జబ్బు. అయితే ఈ ఏరివేత ఎంత పకడ్బందీగా ఉన్నా కొన్ని తప్పించుకుంటాయి. వాటిని బయట అదుపులో ఉంచే నియంత్రక టి కణాలను షిమోన్ సకాగుచి 1995లో గుర్తించారు. వాటికి మూలమైన ఫాక్స్‌పి3 జన్యువును వెలికితీసిన మేరీ బ్రంకోవ్, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌తో కలిసి 2025లో ఆయనకు నోబెల్ వచ్చింది.

థైమస్ నుంచి బయటపడ్డాక కూడా టి కణానికి బతుకు హామీ లేదు. లింఫు కణుపుల్లో తిరుగుతున్నంతకాలం దానికి ఇంటర్‌ల్యూకిన్-7 అనే రసాయనం అందుతూ ఉండాలి, సొంత ఎంహెచ్‌సీతో సన్నని స్పర్శ కొనసాగుతూ ఉండాలి. ఈ రెండూ అందినంత వరకే చావును ఆపే బీసీఎల్-2 వంటి ప్రోటీన్లు దానిలో నిలుస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-7 అందుబాటులో ఉన్నంత మేరకే కణాలు ఉండగలవు కాబట్టి, మొత్తం సంఖ్య హద్దు దాటదు.

ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మాత్రం కథ వేగం అందుకుంటుంది. సరిపోయే గ్రాహకం ఉన్న కణాలు లక్షకో, పది లక్షలకో ఒకటి ఉంటాయి. అవి రోజుకు రెండు మూడు సార్ల చొప్పున విభజన చెంది వేల రెట్లు పెరుగుతాయి. వారం పది రోజుల్లో సూక్ష్మజీవి పోయాక, ఆ పెరిగిన వాటిలో నూటికి 90 నుంచి 95 మళ్లీ చచ్చిపోతాయి. మిగిలిన ఆ కొద్దిపాటి కణాలే జ్ఞాపక కణాలు, వాటి ఓపిక తక్కువది కాదు: 2003లో సార్స్ వచ్చి కోలుకున్న వారిలో 17 ఏళ్ల తరువాత కూడా ఆ వైరస్‌ను గుర్తుపట్టే టి కణాలు కనిపించాయి. పెరిగిన కణాలు తగ్గకపోతే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. చావమని సంకేతం అందుకునే ఫాస్ అనే అణువు పుట్టుకతోనే చెడిన పిల్లలు అరుదుగా ఉంటారు. వాళ్ల లింఫు కణుపులు, ప్లీహం ఉబ్బి, సొంత రక్తకణాలనే నాశనం చేసుకునే స్థితి వస్తుంది. టి కణాలు ఎక్కువైతే బలం వస్తుందని నమ్మేవారికి ఆ పిల్లలను మించిన సమాధానం లేదు.

కరోనా తరువాత మన ఊళ్లలో ప్రతి మందుల షాపులోనూ, కిరాణా కొట్టులోనూ కూడా ఇమ్యూనిటీ పెంచే పొడులు, సిరప్‌లు బారులు తీరాయి. వాటిలో చాలావాటి వల్ల పర్సుకు తప్ప దేనికీ హాని లేదనే అనుకుంటాను, అవి టి కణాలను నిజంగా పెంచవు కాబట్టి. నిజంగా పెంచితే ఏమవుతుందో 2006 మార్చిలో లండన్‌లో తెలిసింది. టి కణాల మీది సీడీ28 అనే మీటను నేరుగా నొక్కే టీజీఎన్1412 అనే మందును, జంతువుల్లో సురక్షితమని తేలిన మోతాదులో 500వ వంతు మాత్రమే ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు ఎక్కించారు. మామూలుగా టి కణం కదలాలంటే గ్రాహకం నుంచి ఒక సంకేతం, సీడీ28 నుంచి రెండో సంకేతం రెండూ కావాలి. ఈ మందు మొదటిదాన్ని పక్కకు నెట్టి పని జరిపించింది. కొద్ది గంటల్లోనే ఆరుగురి శరీరాలూ సైటోకైన్ల (రోగనిరోధక కణాలు వెలువరించే సంకేత రసాయనాల) ఉప్పెనలో చిక్కుకుని, అవయవాలు దెబ్బతిని, అందరూ ఇంటెన్సివ్ కేర్ పాలయ్యారు. ప్రాణాలు దక్కాయి కానీ ఒకతను కాలివేళ్లు, కొన్ని చేతివేళ్ల భాగాలు పోగొట్టుకున్నాడు.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. క్యాన్సర్ వైద్యంలో టి కణాల పగ్గాలు వదలడం వల్లనే కదా కొత్త చికిత్సలు వచ్చాయి? నిజమే. తసుకు హోంజో బృందం 1992లో పీడీ-1 అణువును కనుగొన్నది కణాల చావుకు కారణమయ్యే జన్యువుల కోసం వెతుకుతూ ఉండగానే. చివరికి అది టి కణానికి బ్రేకు వంటిదని తేలింది. ఆ బ్రేకును, సీటీఎల్ఏ-4 అనే మరో బ్రేకును తీసేసే మందుల దారి చూపినందుకు హోంజోకూ జేమ్స్ ఆలిసన్‌కూ 2018లో నోబెల్ వచ్చింది. అయితే ఆ మందులు వాడిన వారిలో పేగులకు, థైరాయిడ్‌కు, కాలేయానికి సొంత టి కణాల వల్ల వచ్చే వాపును వైద్యులు కనిపెట్టుకుని ఉండవలసి వస్తుంది. వదిలిన పగ్గానికి తగిన మూల్యం ఉందని ఆ వార్డుల్లో పనిచేసేవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక మన పల్లెల సంగతి. జ్వరమైనా, ఒళ్లు నొప్పులైనా, దమ్మైనా ఆర్ఎంపీ దగ్గరికి వెళితే పడే సూదుల్లో చాలాసార్లు డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ ఉంటుంది. పొద్దున సూది పడితే మధ్యాహ్నానికి మనిషి లేచి పొలం పోతాడు, కాబట్టి ఆ డాక్టరు చేతివాసి మంచిదని పేరు వస్తుంది. స్టెరాయిడ్లు ఎదిగీ ఎదగని టి కణాలను అపోప్టోసిస్ ద్వారా చంపుతాయని ప్రయోగశాలల్లో ఎప్పటి నుంచో తెలుసు. ఎదిగిన టి కణాలను కూడా అవి అణచివేస్తాయి. ఒక్క సూదితో కొంప మునగదు. పదేపదే పడే సూదులతోనే అసలు భయం, ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో క్షయ క్రిములు నిద్రాణంగా ఉన్నవారికి. ఆ క్రిములను గడ్డకట్టిన చోట కదలకుండా ఉంచేది సీడీ4 అనే రకం టి కణాలే.

స్టెరాయిడ్‌ను శత్రువుగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధన వెంటిలేటర్ మీద ఉన్న కరోనా రోగుల మరణాలను డెక్సామెథసోన్ మూడో వంతు తగ్గించిందని చూపింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం ఏ మేలూ కనిపించలేదు. అదే మందు అదుపు తప్పిన ప్రతిస్పందనను ఆపవలసిన రోజున ప్రాణం పోసింది. వైరస్‌తో శరీరం ఇంకా పోరాడుతున్న తొలి రోజుల్లోనే, జాగ్రత్త కోసమని స్టెరాయిడ్ మాత్రలు మింగిన వారిని 2021 వేసవిలో మనం ఎంతమందినో చూశాం. చక్కెర అదుపులో లేని వారు కొందరు బ్లాక్ ఫంగస్‌తో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి దాకా పోవలసి వచ్చింది. (ఆ శిలీంధ్రాన్ని ఎదుర్కోవడంలో టి కణాల కన్నా ఇతర తెల్లరక్తకణాల పాత్ర ఎక్కువన్నది ఇక్కడ చెప్పి తీరాలి.)

హెచ్ఐవీ విషయంలో సంఖ్య మీద మన దృష్టి ఇంకొక రకంగా దారి తప్పుతుంది. ఏఆర్‌టీ కేంద్రం (హెచ్ఐవీ మందులిచ్చే చోటు) ముందు వరుసలో నిలుచున్నవారు ఒకరినొకరు అడిగేది “సీడీ4 ఎంతున్నది?” అనే. ఘన మిల్లీమీటరు రక్తంలో 500 నుంచి 1500 దాకా ఉండవలసిన ఆ కణాలు 200 కన్నా తగ్గితే ప్రమాదకరమైన అవకాశవాద జబ్బులు (శరీరం బలహీనపడ్డప్పుడు అదను చూసి వచ్చేవి) మొదలవుతాయి కాబట్టి ఆ ప్రశ్న అనవసరమైంది కాదు. కానీ ఆ కణాలు ఎలా చస్తున్నాయన్నది 2014లో వచ్చిన పరిశోధనల దాకా సరిగా తెలియలేదు. మానవ లింఫు కణజాలంలో చచ్చిపోయే సీడీ4 కణాల్లో నూటికి 95కు పైగా, వైరస్ లోపలికి చొరబడి మధ్యలోనే ఆగిపోయిన కణాలని తేలింది. అవి నిశ్శబ్దంగా పోవు. పైరోప్టోసిస్ అనే తీరులో పగిలి, మంట పుట్టించే రసాయనాలను చిమ్ముతాయి. ఆ మంటకు మరిన్ని సీడీ4 కణాలు అక్కడికి చేరి, వాటికీ అదే గతి పడుతుంది. సీడీ4 పడిపోయేదాకా ఆగి మందు మొదలుపెట్టే పాత పద్ధతిని వదిలి, పరీక్షలో తేలగానే ఎవరికైనా మందు ఇవ్వాలని 2017లో మన దేశం తీసుకున్న నిర్ణయం ఎంత సరైనదో ఈ చావు తీరు తెలిస్తే ఇంకా బాగా బోధపడుతుంది. అంకె బాగానే ఉన్నప్పుడు కూడా లోపల ఆ మంట రగులుతూనే ఉంటుంది.

చివరగా పిల్లల సంగతి, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. థైమస్ ఎందుకుందో 1961లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో దాన్ని తీసేసి చూసేదాకా ఎవరికీ సరిగా తెలియదు. అంతకు ముందు కాలంలో, ముఖ్యంగా అమెరికాలో, పసిపిల్లల్లో పెద్దగా కనిపించే థైమస్ ఊపిరికి అడ్డుపడి ప్రాణం తీస్తుందని నమ్మి, దాన్ని కుదించడానికి ఎక్స్‌రేలు పెట్టేవారు. థైమస్ మామూలు పరిమాణం ఎంతో వైద్యులు నేర్చుకున్నది ఎక్కువగా జబ్బుతో, ఆకలితో చితికి చనిపోయిన పేదల శవాల నుంచి. అటువంటి ఒత్తిడిలో థైమస్ కృశించిపోతుందని తెలియక, కృశించినదాన్నే సహజమనుకున్నారు; ఆరోగ్యంగా ఉన్న బిడ్డ థైమస్ వాళ్లకు జబ్బుగా కనిపించింది. ఆ ఎక్స్‌రేలు తగిలిన పిల్లల్లో కొందరికి తరువాత థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందని 1950 నాటికి బయటపడింది.

ఆకలికి థైమస్ కృశించడం పాత చరిత్ర కాదు. తీవ్ర పోషకాహార లోపం ఉన్న బిడ్డలో కార్టిసాల్ పెరుగుతుంది, థైమస్ వల్కలంలో ఎదుగుతున్న కణాలు మూకుమ్మడిగా చచ్చిపోతాయి. స్టెరాయిడ్ సూది చేసే పనినే ఇక్కడ ఆకలి చేస్తుంది. ఇక్కడ జరిగే చావుకు ఏరివేతతో ఏ సంబంధమూ లేదు, పనికొచ్చే కణమూ పోతుంది, పనికిరానిదీ పోతుంది. ములుగు, ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేల్లో అటువంటి పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చినప్పుడు వాళ్ల కోలుకోవడాన్ని ప్రధానంగా బరువును బట్టి చూస్తారు. అయితే 1990లలో బొలీవియాలో పిల్లల థైమస్‌ను అల్ట్రాసౌండ్‌తో కొలిచిన వైద్యులు గమనించిన సంగతి ఒకటి ఉంది: సరైన తిండితో బిడ్డ బరువు నెల రోజుల్లో కోలుకున్నా, థైమస్ మామూలు స్థాయికి రావడానికి రెండు నెలలు పట్టింది; ఆహారంతో పాటు జింక్ ఇచ్చినప్పుడు అది త్వరపడింది. బరువు సరిపోయిందని ఇంటికి పంపిన బిడ్డ ఆ మధ్యకాలంలో అదే గుడిసెకు, అవే నీళ్లకు, అవే విరేచనాలకు తిరిగి వెళుతుంది. అంగన్‌వాడీలో బాలామృతం ప్లస్ ఇస్తూ, ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి చూసే కాలాన్ని బరువు కోలుకున్న రోజు నుంచి లెక్కించి, ఆ తరువాత కనీసం ఇంకొక నెల పాటు కొనసాగించాలని నేను అడిగేది అందుకే.